తెల్ల గోడల ఊరిలో ఒక రోజు

జపాను వెళ్ళి వచ్చామని తెలియగానే సంఘంలో అందరూ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "టోక్యో ఎలా ఉంది?" టోక్యో చూశాం, బాగానే ఉంది. కాని మా మనసులో నిలిచిపోయింది ఆ మహానగరం కాదు. పడమటి జపానులో, ఒకయామా ప్రాంతంలో, చిన్న కాలువ ఒడ్డున ఉన్న కురాషికి అనే ఊరు. అక్కడ మేమున్నది ఒక్క రోజే. ఆ రోజు చూసిన సంగతులు, విన్న సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గర ఒక నెల ఉండి రావడానికి మేమిద్దరం వెళ్ళాం. వెళ్ళేటప్పటికే మా మధ్య తేలని విషయం ఒకటుంది. అబ్బాయి పంపిన డబ్బు బ్యాంకులో ఉంది. దానితో ఇంటిమీద ఇంకో అంతస్తు వేద్దామని మా ఆలోచన. వాడేమో, "అందులో కొంత తీసి, తల్లిదండ్రులు లేని పిల్లల చదువుకు ఇద్దామండీ" అని ఫోనులో రెండు మూడుసార్లు అన్నాడు. "ముందు ఇల్లు కానీ, తరువాత చూద్దాం" అని మేము మాట దాటవేస్తూ వచ్చాం. ఊరు చూడబోయిన కథలో ఈ ఇంటి గొడవ ఎందుకంటారా? కాస్త ఓపిక పట్టండి.

నవంబరులో ఒక ఉదయం ఒసాకా నుండి బుల్లెట్ రైలెక్కాం. ముప్పావుగంటలో ఒకయామా చేరాం. అక్కడ మామూలు రైలు మారితే పదిహేను, ఇరవై నిమిషాల్లో కురాషికి వచ్చింది. స్టేషను బయట అన్ని ఊళ్ళలాగే దుకాణాలు, బస్సులు, సిమెంటు మేడలు. "ఇదేనా నువ్వు చెప్పిన ఊరు?" అని అడిగాం. అబ్బాయి నవ్వి, "పది నిమిషాలు నడవండి, తరువాత అడగండి" అన్నాడు.

పెద్ద రోడ్డు మీద పది నిమిషాలు నడిచి పక్కకు తిరిగామో లేదో, కాలం వెనక్కు జరిగినట్టయింది. సన్నని కాలువ. దానికి రెండువైపులా రాతి కట్టడం. ఒడ్డున నీటి మీదికి వంగిన విల్లో చెట్లు. వాటి వెనక వరుసగా తెల్లని గోడలు, నల్లని పెంకుల కప్పులు. తల పైకెత్తి చూస్తే ఒక్క కరెంటు తీగ కనబడలేదు. తీగలన్నిటినీ నేలలో పాతిపెట్టారట.

ఆ గోడల పనితనం గురించి చెప్పాలి. గోడ కింది భాగానికి నల్లని చదరపు పెంకులు తాపడం చేస్తారు. పెంకుకూ పెంకుకూ మధ్య సందును తెల్లని సున్నంతో గుండ్రంగా ఉబ్బెత్తుగా పూస్తారు. ఆ ఉబ్బెత్తు గీతలు సముద్రంలో దొరికే నమకో అనే మెత్తని ప్రాణిలా ఉంటాయని దానిని నమకో గోడ అంటారు. ఇది అందం కోసం మాత్రమే చేసిన పని కాదు. వాన దెబ్బకు గోడ తడవకుండా, పక్కింట్లో నిప్పు అంటుకుంటే లోపలి సరుకు కాలిపోకుండా కాపాడే ఏర్పాటు. ఎందుకంటే ఇవన్నీ ఒకప్పుడు ధాన్యం, పత్తి దాచిన గిడ్డంగులు. ఊరి పేరు రాసే అక్షరాలలో మొదటిదానికి అర్థమే గాదె.

కొన్ని వందల ఏళ్ళ క్రితం ఈ చుట్టుపక్కల అంతా నిస్సారమైన సముద్రపు మేట. గట్లు వేసి, నీరు తోడి, కొంచెం కొంచెంగా నేలను సంపాదించుకున్నారు. ఉప్పు నేలలో వరి సరిగా పండదు. ఉప్పును ఓర్చుకునే పత్తి వేశారు. 1642లో ఈ ఊరు నేరుగా షోగును ప్రభుత్వపు ఏలుబడిలోకి వచ్చింది. చుట్టుపక్కల వసూలైన ధాన్యం ఇక్కడికి చేరేది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పడవలు ఈ కాలువలోకి ఎక్కి వచ్చేవి, సరుకు దించుకుని, ఎత్తుకుని వెళ్ళేవి. ఒడ్డున ఇప్పటికీ నీటిలోకి దిగే రాతి మెట్లున్నాయి. కూలీలు బస్తాలు మోసిన మెట్లవి.

ఇప్పుడు ఆ మెట్లమీద నిలబడి యాత్రికులు పడవ కోసం వరుస కడుతున్నారు. మేమూ కట్టాం. గొడుగులాంటి గడ్డి టోపీ పెట్టుకున్న పడవవాడు పొడుగాటి గెడతో తోస్తూ ఇరవై నిమిషాలు తిప్పాడు. కింద నుండి చూస్తే గోడలు ఇంకా ఎత్తుగా, విల్లో కొమ్మలు ఇంకా దగ్గరగా కనబడతాయి. ఒక హంస మా పడవకు దారి ఇవ్వకుండా నీటి మధ్యలో నిలబడితే, పడవవాడు దానికి తల వంచి నమస్కారం చేశాడు. అందరం నవ్వాం.

పడవ దిగినచోట ఒక రాతి వంతెన ఉంది. 1926లో కట్టినది. దాని ప్రక్కలకు డ్రాగన్లు చెక్కి ఉన్నాయి. వంతెనకు ఈవల ఓహరా అనే కుటుంబం వారి పాత ఇల్లు. ఆవల గ్రీకు దేవాలయంలా స్తంభాలు ఎత్తి నిలబెట్టిన ఓహరా చిత్రకళా మ్యూజియం. పెంకుటిళ్ళ మధ్య ఆ స్తంభాలు చూసి మేము ఆశ్చర్యపోయాం. అంతకంటె ఆశ్చర్యం, దాని ముందర కంచుతో పోసిన బాప్తిస్మమిచ్చు యోహాను నిలబడి ఉండడం! ఫ్రాన్సు దేశపు శిల్పి రోదాఁ చేసిన విగ్రహం అది. క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేని దేశంలో, ఒక కాలువ ఒడ్డున, యోహాను చెయ్యెత్తి పిలుస్తున్నాడు. ఎవరు తెచ్చారు ఈయనను ఇక్కడికి?

వంతెన దగ్గర రాతి బల్లమీద కూర్చుని, తెచ్చుకున్న అన్నపు ఉండలు తింటూ, అబ్బాయి ఆ కథ చెప్పాడు.

ఓహరా వారు పత్తి వ్యాపారులు, పెద్ద భూస్వాములు. 1888లో ఈ ఊరిలో నూలు మిల్లు స్థాపించినప్పుడు ఆ ఇంటి పెద్దే దానికి అధ్యక్షుడు. ఆయన కొడుకు మగోసబురో 1880లో పుట్టాడు. చదువుకోమని టోక్యో పంపితే చదువు మాని విలాసాలలో పడ్డాడు. మోయలేని అప్పులు చేశాడు. ఆ అప్పుల లెక్క తేల్చడానికి వెళ్ళిన బావగారు ఆ పనిలో ఉండగానే కన్నుమూశాడు. కుర్రవాణ్ణి ఇంటికి రప్పించారు. తప్పిపోయిన కుమారుని కథ మనందరికీ తెలుసు. ఇతడు కూడా సిగ్గుతో, దుఃఖంతో తండ్రి ఇంటికి తిరిగి వచ్చినవాడే.

ఆ రోజులలో అతనికి ఇషీ జూజీ అనే మనిషి తారసపడ్డాడు. ఇషీ 1865లో పుట్టాడు. ఒకయామాలో వైద్యం చదివేవాడు, క్రీస్తును నమ్ముకున్నాడు. 1887లో పల్లెలో వైద్యం చేస్తుండగా, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని యాత్రికురాలిగా తిరిగే ఒక పేద తల్లి వచ్చి, ఇద్దరినీ సాకలేను, ఒకడినైనా తీసుకోమని బ్రతిమాలింది. అతడు తీసుకున్నాడు. ఒకడు ముగ్గురయ్యారు, ముగ్గురు పదులయ్యారు. బ్రిస్టల్ పట్టణంలో జార్జి ముల్లర్ నడిపిన అనాథాశ్రమం సంగతి మన సంఘాలలో చాలామందికి తెలుసు. ఇషీకి ఆదర్శం ఆయనే. వైద్యమా, పిల్లలా అని రెండు మనసులతో నలిగి, చివరికి 1889లో తన వైద్యపు పుస్తకాలన్నిటినీ తగలబెట్టాడు. 1906లో ఉత్తరాన కరువు వచ్చినప్పుడు ఎంతమంది పిల్లలు వస్తే అంతమందినీ చేర్చుకున్నాడు. ఆశ్రమంలో పిల్లల లెక్క 1,200 వరకు వెళ్ళింది. ఆ పిల్లలకు అన్నం పెట్టడానికి బాండు మేళంతో, దీపపు బొమ్మల ప్రదర్శనతో ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు.

అప్పుల కుర్రవాడు ఇషీ మాటలు విన్నాడు. మనిషి మారిపోయాడు. 1905లో బాప్తిస్మము తీసుకున్నాడు. తన ఆస్తి తన సుఖానికి ఇచ్చినది కాదు, దానితో చేయవలసిన పని ఒకటుంది అని అతనికి తోచింది. ఇషీ ఆశ్రమానికి ఆ తరువాత డబ్బు ఎక్కువగా అందింది అతని చేతినుండే. 1914లో ఇషీ చనిపోతే ఆశ్రమం బాధ్యత కూడా అతడే తలకెత్తుకున్నాడు.

ఇంతవరకు విని మేము, "అబ్బాయీ, ఇదంతా మమ్మల్ని ఉద్దేశించే చెబుతున్నావా?" అన్నాం. "లేదమ్మా, ఊరి కథ చెబుతున్నా, అంతే" అన్నాడు. కాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తరువాత మిల్లు చూడడానికి వెళ్ళాం. కాలువకు కాస్త దూరంలో ఎర్ర ఇటుకల గోడలు, వాటినిండా ఐవీ తీగ. 1889లో నడవడం మొదలుపెట్టిన మిల్లు అది. ఎండ వేడికి లోపల ఉడికిపోకుండా ఆ తీగను గోడలమీదికి పాకించారట. ఇప్పుడు మిల్లు లేదు. 1974 నుండి అది ఐవీ స్క్వేర్ అనే పేరుతో హోటలు, దుకాణాలు, ప్రదర్శనశాలలుగా మారింది. ముంగిట్లో పెళ్ళిబట్టలలో ఒక జంట ఫోటోలు తీయించుకుంటున్నారు.

అక్కడ మాలో ఒకరికి మనసు ఆగలేదు. "మిల్లులో పనిచేసింది ఎవరు?" అని అడిగేశాం. పల్లెలనుండి వచ్చిన ఆడపిల్లలు. ఆ కాలపు జపాను మిల్లులన్నిటిలోనూ అంతే. పగలూ రాత్రీ రెండు వంతులుగా, పదకొండు, పన్నెండు గంటల చొప్పున యంత్రాల ముందు నిలబడేవారు. ఇరుకు వసతి గృహాలలో ఒకరి పక్కన ఒకరు పడుకునేవారు. 1906లో ఈ మిల్లు వసతి గృహంలో అంటురోగం పడి కొందరు పిల్లలు చనిపోయారు. దానికి బాధ్యత వహించి తండ్రి అధ్యక్ష పదవి వదిలేస్తే, 26 ఏళ్ళ మగోసబురో ఆ కుర్చీలో కూర్చున్నాడు.

అతడు మొదట చేసిన పనులలో ఒకటి ఆ పెద్ద కొట్టాలు తీసివేసి, కొద్దిమంది చొప్పున ఉండే చిన్న ఇళ్ళు కట్టించడం. పిల్లలకు చదువు చెప్పించాడు. పనిమనిషి అలసట ఎక్కడినుండి వస్తుంది, ఎంత పని మనిషికి హాని చేస్తుంది అని పరిశోధించడానికి 1921లో ఒక సంస్థనే పెట్టాడు. 1923లో పనివారి కోసం, ఊరివారి కోసం ఆసుపత్రి కట్టించాడు. రోగికి ఆసుపత్రి అన్న భయం కలగకూడదని అందులో పచ్చని మొక్కలతో అద్దాల గది ఏర్పాటు చేశాడు. నేడది వెయ్యికి పైగా పడకలున్న పెద్ద ఆసుపత్రి.

ఇవన్నీ నిజమే. అయినా డబ్బు పుట్టింది మాత్రం ఆ పిల్లల చేతులలోనుండి. ఈ ఊరి అందం చూసేటప్పుడు వారిని మరచిపోవడం న్యాయం కాదని మాకు అనిపించింది. మంచి యజమాని పుణ్యం ఎంత, పనిపిల్లల చెమట ఎంత అని తూకం వేసి చెప్పగలవారు ఎవరు? ఆ లెక్క దేవునికే తెలుసు. ఓహరా కూడా ఆ లెక్క తనను అడుగుతారన్న భయంతోనే బ్రతికాడేమో అనుకుంటూ తిరిగి మ్యూజియానికి వచ్చాం.

మ్యూజియం కథలో మరో మనిషి ఉన్నాడు. కోజిమా తొరాజిరో అనే చిత్రకారుడు. ఓహరాకంటె ఒక ఏడాది చిన్న. పేద విద్యార్థులకు ఓహరా ఇచ్చే సహాయంతో టోక్యోలో చిత్రలేఖనం నేర్చుకున్నాడు. 1907లో టోక్యోలో జరిగిన గొప్ప ప్రదర్శనలో అతనికి మొదటి బహుమతి తెచ్చిన బొమ్మ ఏమిటో తెలుసా? ఇషీ జూజీ అనాథాశ్రమంలోని దృశ్యం! దానిని చక్రవర్తి కుటుంబం తీసుకుంది. ఇషీ పెద్ద కుమార్తెనే కోజిమా పెళ్ళి చేసుకున్నాడు. ఇలా అనాథల తండ్రి, ధనవంతుడు, చిత్రకారుడు ముగ్గురూ ఒక్క ఇంటివారయ్యారు.

ఓహరా కోజిమాను ఐరోపాకు పంపాడు. ఐరోపా చిత్రాలను జపానులో విద్యార్థులు అచ్చు పుస్తకాలలోనే తప్ప కళ్ళారా చూసే అవకాశం లేని రోజులవి. రెండవసారి వెళ్ళినప్పుడు కోజిమా, "ఇవి నాకోసం కాదు, మన దేశంలో బొమ్మలు నేర్చుకునేవారందరి కోసం కొనండి" అని కోరాడు. ఓహరా సరేనన్నాడు. కోజిమా జివెర్నీ గ్రామం వెళ్ళి, వృద్ధుడైన మోనే ఇంటి తలుపు తట్టి, ఆయన చేతిమీదుగానే కలువల చిత్రం తెచ్చుకున్నాడు. 1921లో ఆ చిత్రాలను ఈ ఊరి ప్రాథమిక పాఠశాలలో పెడితే, దేశం నలుమూలలనుండి జనం రైళ్ళు దిగి వచ్చారు. బడి గదులలో మోనే, మాతీస్!

కోజిమా 1929లో, 47 ఏళ్ళకే చనిపోయాడు. స్నేహితుని పని వృథా పోకూడదని ఓహరా మరుసటి సంవత్సరం, 1930 నవంబరులో ఈ మ్యూజియం తెరిచాడు. పాశ్చాత్య చిత్రాల కోసం జపానులో ప్రైవేటుగా పెట్టిన మొదటి మ్యూజియం ఇదే. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న కాలం. మొదటి ఏళ్ళలో ఒక్కరు కూడా రాని రోజులుండేవట.

మోనే కలువలు చూశాం. గోగాఁ చిత్రం చూశాం. చివరకు ఎల్ గ్రెకో చిత్రం ముందుకు వచ్చి ఆగిపోయాం. లూకా సువార్త మొదటి అధ్యాయంలోని సంగతి. గబ్రియేలు దూత మరియతో మాట్లాడే ఘట్టం. నాలుగు వందల ఏళ్ళ క్రితం స్పెయిను దేశంలో గీసినది. 1922లో పారిస్‌లో అమ్మకానికి ఉండగా కోజిమా చూశాడు. ధర తన చేతిలో ఉన్నదానికి మించిపోతే ఓహరాకు రాసి డబ్బు తెప్పించుకున్నాడు.

బొమ్మ అంత పెద్దదేమీ కాదు. ఎత్తు మీటరుకు కాస్త పైన. ఎర్రని వస్త్రం, నీలి పైవస్త్రం వేసుకున్న మరియ. మబ్బుమీద నిలిచిన దూత. ఇద్దరికీ పైగా వెలుగు చీల్చుకుని దిగుతున్న పావురం. మరియ చదువుకుంటూ ఉండగా పిలుపు వచ్చింది. పుస్తకం ఇంకా తెరిచే ఉంది. ఆమె ముఖంలో భయం ఉంది, ఒప్పుకోలు కూడా ఉంది. ఏ పిలుపైనా మనం మన పని చేసుకుంటూ ఉండగానే వస్తుంది కాబోలు. వైద్యం చదువుకుంటున్న ఇషీకి ఆ పేద తల్లి రూపంలో వచ్చింది. ఖాళీ ఉన్నప్పుడు రా అని అతడు ఆమెతో అనలేదు.

మా పక్కన యూనిఫారాలలో బడిపిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. వారిలో చాలామంది మరియ పేరు కూడా విని ఉండరు. ఒక పాప చాలాసేపు కదలకుండా చూసింది. టీచరు పిలిస్తేగాని వెళ్ళలేదు.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మ్యూజియం లోపలి తోటలో చిన్న కొలను ఉంది. అందులో మోనే తోటనుండి తెచ్చి నాటిన కలువ మొక్కలున్నాయి. పూలకాలం కాదు, ఆకులే ఉన్నాయి. స్టేషనుకు తిరిగివెళ్ళే ముందు 1923లో కట్టిన కురాషికి ప్రార్థనామందిరం కూడా చూడాలనుకున్నాం. తలుపులు వేసి ఉన్నాయి. గేటు దగ్గరే నిలబడి చిన్న ప్రార్థన చేసుకున్నాం.

ఈ ఊరు ఇలా మిగలడం కూడా ఊరికే జరగలేదు. మగోసబురో 1943లో చనిపోయాడు. అతని కొడుకు సోయిచిరో జర్మనీలో రోథెన్‌బుర్గ్ అనే పాత పట్టణాన్ని చూసి, తన ఊరిని అలా నిలబెట్టుకోవాలని కలగన్నాడు. 1948లో పాత ధాన్యపు కొట్లను జానపద కళల మ్యూజియంగా మార్చారు. 1968లో పట్టణం వారు తమంతట తాము పాత ఇళ్ళను కాపాడే నియమం చేసుకున్నారు. 1979లో జాతీయ ప్రభుత్వం ఈ వాడను రక్షిత ప్రాంతంగా గుర్తించింది. పాతది పడగొట్టి కొత్తది కట్టుకుంటే ఎక్కువ లాభం వచ్చే రోజులలోనే ఇదంతా చేశారు.

చీకటి పడ్డాక కాలువ ఒడ్డున దీపాలు వెలిగించారు. తెల్ల గోడలు నీళ్ళలో తలకిందులుగా కదిలాయి. రైలులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఒకయామా దాటాక, "నాన్నా, నువ్వన్న పిల్లలు ఎంతమంది?" అని మేమే అడిగాం. వాడు కిటికీలోనుండి చూపు తిప్పి, "ముందు ఇద్దరు, నాన్నగారూ" అన్నాడు.

మా ఇంటిమీద అంతస్తు వేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. బహుశా వేస్తాం, కొంచెం చిన్నదిగా. కాని జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఇద్దరు పిల్లల ఫీజు కట్టి, పుస్తకాలు కొని వచ్చాం. అందులో చిన్నవాడికి బొమ్మలు వేయడం ఇష్టమట. వాడికొక రంగుల పెట్టె కూడా ఇచ్చాం.